పసుపు జిగురు అట్టలు: మా మిద్దె తోటలో పది నెలలు వాడి చూసిన తర్వాత

నిరుడు మార్చి మొదటి వారంలో తిరుపతిలోని ఒక ఎరువుల దుకాణంలో పసుపు రంగు జిగురు అట్టల కట్ట ఒకటి కొన్నాను. కట్టలో 25 అట్టలు, ధర 300 రూపాయలు. అప్పటికి మా మిద్దె మీద బెండ, వంగ, టమాటా, మిరప, కాకర కలిపి నలభై కుండీల దాకా ఉండేవి. బెండ మొక్కను చేత్తో కాస్త కదిపితే చాలు, ఆకుల అడుగు నుంచి ముగ్గుపిండి చల్లినట్టు తెల్లదోమ లేచేది. ఈ సంక్రాంతి నాటికి ఆ కట్టలో మూడు అట్టలు మిగిలాయి. పది నెలల్లో ఆ అట్టలు ఏం మేలు చేశాయో, ఏం చేయలేకపోయాయో, మా తోటకు ఏం నష్టం తెచ్చాయో వివరంగా రాస్తే, తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో మిద్దె మీద కూరగాయలు పెంచుకునేవాళ్లకు కొనేముందు పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

వస్తువు సంగతి ముందు చెప్తాను. ఇది జానెడు పొడవు, అంతకు కొంచెం తక్కువ వెడల్పు ఉన్న పలుచని ప్లాస్టిక్ రేకు. రెండు వైపులా జిగురు పూసి, దాని మీద మైనపు కాగితం అంటించి ఇస్తారు. పై అంచున రెండు బెజ్జాలు, కట్టుకోవడానికి తీగ ముక్కలు ఉంటాయి. జిగురులో విషం గానీ వాసన గానీ లేవు. పురుగును లాక్కొచ్చేది రంగు ఒక్కటే. తెల్లదోమ, పచ్చదోమ, రెక్కలున్న పేనుబంక, ఆకుల్లో పాముపొడ గీసే చిన్న ఈగ లేత ఆకును వెతుక్కునేటప్పుడు పసుపు కలిసిన లేతపచ్చ రంగును గుర్తు పడతాయి. అందువల్ల నిండు పసుపు పలక వాటికి అన్నిటికంటే లేత ఆకులాగా కనబడి, వచ్చి వాలి, కాళ్లు అంటుకుని అక్కడే ఉండిపోతాయి. తామర పురుగులకు నీలం రంగు మీద మోజు ఎక్కువ కాబట్టి మిరపకు నీలి అట్టలు విడిగా అమ్ముతారు. 2021లో నల్ల తామర పురుగు మన రాష్ట్రంలో మిరప చేలను దెబ్బతీసిన తర్వాత ఈ నీలి అట్టల పేరు ఊరూరా వినబడింది. నేను కొన్నవి మాత్రం పసుపువే.

అమ్మిన ఆయన "కుండీకొకటి కట్టమ్మా, ఇంక ఏ మందూ అక్కర్లేదు" అని చెప్పారు. ఆ మాట నమ్మి, మొదటి రోజే పది అట్టలు కట్టాను. పొలాలకు ఇచ్చే సలహాల్లో ఎకరానికి పది నుంచి ఇరవై దాకా అట్టలు చెప్పడం నేను తర్వాత గమనించాను. ఎకరమంటే 43,560 చదరపు అడుగులు. మా మిద్దె 600 చదరపు అడుగులు, అంటే ఎకరంలో డెబ్బయ్యో వంతు కూడా కాదు. పురుగు రాకను కనిపెట్టడానికి అయితే నా తోటకు ఒక్క అట్ట ఎక్కువే. పది కట్టినందువల్ల డబ్బు వృథా కావడం ఒక్కటే కాదు, దానికంటే పెద్ద నష్టం జరిగింది. దాన్ని కింద చెప్తాను.

మొదటి నెల ఫలితం చూసి నేను చాలా సంతోషించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే బెండ కుండీల మధ్య ఉన్న ఒక అట్టను తీసి, ఒక వైపు మాత్రం, భూతద్దంతో లెక్కపెట్టి నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. మొదటి ఆదివారం తెల్లదోమలు 140 దాకా ఉన్నాయి. కొత్త అట్ట పెట్టి మళ్లీ లెక్కపెడుతూ వస్తే, నాలుగో ఆదివారానికి 35కు దిగాయి. అయితే ఆ నెలలోనే నేను బెండకు అడుగాకులు తుంచాను, రెండుసార్లు వేపనూనె కొట్టాను. కాబట్టి ఆ తగ్గుదల అంతా అట్టల గొప్పే అని చెప్పడం న్యాయం కాదు.

పైగా, దోమ అంత తగ్గినా పదకొండు బెండ మొక్కల్లో నాలుగింటికి పల్లాకు తెగులు వచ్చింది. ఈనెలు పసుపు తిరిగి, ఆ తర్వాత ఆకంతా పాలిపోయి, కాయలు తెల్లబడి పీచెక్కాయి. ఇది వైరస్ తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది. వచ్చిన మొక్కకు మందు లేదు, పీకి పారేయడమే మార్గం. ఒక మొక్కకు వైరస్ అంటించడానికి వందల దోమలు అక్కర్లేదు, వైరస్ ఉన్న దోమ ఒకటి రెండు కుదురుగా రసం పీల్చినా సరిపోతుంది. అట్ట మీద పడేది రెక్కలొచ్చిన పెద్ద దోమ మాత్రమే. గుడ్లూ, గుడ్డులోంచి వచ్చి ఆకు అడుగున పొలుసులాగా అతుక్కుని రసం పీల్చే పిల్లలూ ఎప్పటికీ అట్ట దగ్గరికి రావు. ఈరోజు పట్టిన దోమ నిన్ననే గుడ్లు పెట్టి ఉండవచ్చు. ఈ రెండు కారణాల వల్ల, తెల్లదోమ తెచ్చే తెగుళ్ల నుంచి జిగురు అట్ట ఒక్కటే కాపాడుతుందని అనుకుంటే మోసపోతాం. రెండో విడత నేను బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా అనామిక బెండ విత్తనం వేశాను. పల్లాకు తెగులును తట్టుకునేలా రూపొందించిన రకం అది. టమాటాలో ఆకుముడతకు అదే సంస్థ ఇచ్చిన అర్కా రక్షక్ ఉంది. విత్తనం మార్చడం వల్ల కలిగిన మేలు ముందు అట్టల వల్ల కలిగిన మేలు చిన్నది.

మరి ఈ అట్ట వల్ల ఉపయోగం లేదా అంటే, ఉంది. అయితే అది కాపలాదారు చేసే ఉపయోగం. జూలైలో ఒక ఆదివారం అట్ట మీద పసుపు, నలుపు కలిసిన ఆవగింజంత ఈగలు అయిదారు కనబడ్డాయి. అప్పటికి టమాటా ఆకులు శుభ్రంగా ఉన్నాయి. వారం తిరిగేసరికి కింది ఆకుల మీద తెల్లని వంకర గీతలు మొదలయ్యాయి. అట్ట ముందే చెప్పింది కాబట్టి గీతలు పడ్డ ఆకులను ఏరోజుకారోజు తుంచి, మూత ఉన్న డబ్బాలో వేశాను, పురుగు మొక్క పైదాకా పాకలేదు. ఈ అట్టలు కట్టకముందు నేను పురుగు ఉన్నా లేకపోయినా వారానికోసారి వేపనూనె కొట్టేదాన్ని. అట్ట మీద లెక్క పెరిగినప్పుడే కొట్టడం అలవాటయ్యాక నెలకు రెండుసార్లు మించలేదు, వానాకాలంలో ఒక్కసారితో సరిపోయిన నెల కూడా ఉంది. నేను వాడేది అజాడిరక్టిన్ (పురుగును అణచే వేప పదార్థం) 1500 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 1500 వంతులు, ఉన్న వేపమందు; లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు. ఎండకు ఆ మందు బలం తొందరగా పోతుంది కాబట్టి పొద్దు వాలాక, ఆకు అడుగు తడిసేటట్టు కొట్టాలి. మందు ఖర్చు తగ్గింది, నా నడుము శ్రమ తగ్గింది. ఈ ఒక్క కారణానికైనా రెండు అట్టలు తోటలో ఉండడం మంచిదే.

అట్టకు కనబడనివి చాలా ఉన్నాయన్నది మాత్రం కొనేవాళ్లకు ఎవరూ చెప్పరు. మిరపలో ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి అని మన పెద్దలకు తెలుసు. నల్లికి రెక్కలు లేవు. అట్ట ఎంత శుభ్రంగా ఉన్నా మిరప చివుళ్లు కిందికి తిరుగుతున్నాయంటే నల్లి చేరినట్టే. పిండినల్లీ అంతే, కాయతొలుచు పురుగూ అంతే. వంగ కొమ్మ వాడి తలవాల్చే దాకా లోపల పురుగు ఉన్నదని ఏ అట్టా చెప్పదు.

దీన్ని నేను అనప (చిక్కుడు జాతి గింజల తీగ) దగ్గర నేర్చుకున్నాను. చిత్తూరు వైపు వాళ్లకు అనపకాయ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. చలికాలంలో అనపగింజలను రాత్రి నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజను వేళ్ల మధ్య పితికి తోలు తీసి చేసే పితికిపప్పు లేకుండా మా ఇంట్లో సంక్రాంతి జరగదు. మా అత్తమ్మ కోరిక మీద ఆగస్టులో రెండు పెద్ద డ్రమ్ముల్లో అనప పెట్టి, పిట్టగోడ మీదుగా తీగలు పాకించాను. డిసెంబరు మొదట్లో పూత విరగబూసింది. అట్ట మీద రెక్కల పేనుబంక వారానికి నాలుగైదుకు మించి పడలేదు. దాన్ని చూసి ధైర్యంగా ఉండి, పది రోజులు తీగను దగ్గరగా చూడలేదు. ఆ పది రోజుల్లో పూకాడలు మొదలు నుంచి చివరిదాకా నల్లగా, నువ్వులు అంటించినట్టు, పేనుబంకతో నిండిపోయాయి. కింది ఆకులు తీపిజిగురుతో మెరుస్తున్నాయి, దాని మీద మసి పట్టింది, చీమలు బారులు తీరాయి. పేనుబంక మొక్క మీద కుదురుకున్నాక మగది అవసరం లేకుండానే, గుడ్లు కాకుండా నేరుగా పిల్లలను పెడుతుంది. ఆ పిల్లలు చాలావరకు రెక్కలు లేనివి. తీగ కిక్కిరిసిపోయి తిండి చాలనప్పుడే రెక్కలవి పుట్టి లేస్తాయి. అంటే అట్ట మీద లెక్క పెరిగే నాటికి తీగ మీద పని అయిపోయి ఉంటుంది. మా అనప పూత సగం రాలిపోయింది. ఈసారి పండక్కి గింజలు బజారులో కొన్నాం.

ఇప్పుడు పైన దాటేసిన పెద్ద నష్టం గురించి చెప్తాను. జూన్‌లో ఒక నిండిన అట్టను పారేసే ముందు టేబుల్ మీద పెట్టి, ఆ మూల నుంచి ఈ మూలకు భూతద్దం కింద చూశాను. తెల్లదోమ, పచ్చదోమ సరే. వాటి మధ్య పేనుబంకను తినే అక్షింతల పురుగులు ఏడు ఉన్నాయి. నారింజ రంగు వీపు ఇంకా మెరుస్తూనే ఉంది. ఒకటి రెక్కలు విప్పి లేవబోయి, విప్పిన రెక్క కూడా అంటుకుని, అలాగే ఎండిపోయింది. కందిరీగ చారలతో ఉండి, గాలిలో ఒకచోట నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగలు పదకొండు ఉన్నాయి. ఈ ఈగ పిల్లలు కాళ్లు లేని లేతపచ్చ పురుగుల్లా పేనుబంక గుంపులో పాకుతూ ఒక్కొక్కటిగా పీల్చేస్తాయి. సూదిమొనంత నల్లని పరాన్న కందిరీగలను లెక్కపెట్టలేకపోయాను. తెల్లదోమ పిల్లల్లోనూ, పేనుబంక ఒంట్లోనూ గుడ్లు పెట్టి వాటిని లోపలి నుంచి తినేవి అవే. ఒక తేనెటీగ కూడా ఉంది. మా అత్తమ్మ పక్కనే నిలబడి చూసి, "ఇది మంచి పురుగు కదమ్మా, దీన్నెందుకు చంపితివి?" అని అడిగింది. పసుపు రంగు పువ్వు రంగు కూడా అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. పది అట్టలు మూడు నెలలు వేలాడాయి. డిసెంబరులో అనప మీద పేనుబంక అంతగా పెరిగిందంటే, దాన్ని తినేవాటిని నేనే ముందుగా తగ్గించుకున్నానేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అక్షింతల పురుగు పేరు చెప్పాను కాబట్టి ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. వంగ, కాకర ఆకులను గీరి, ఈనెలు మాత్రం మిగిల్చి జల్లెడ చేసే పెంకు పురుగును కూడా మన దగ్గర అక్షింతల పురుగనే అంటారు. దాని వీపు మెరవదు, సన్నని నూగుతో మట్టిరంగులో ఉంటుంది. చుక్కలు చాలా ఉంటాయి, ఒక రకానికి ఏకంగా 28. దాని పిల్ల పసుపుగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. మేలు చేసే అక్షింతల పురుగు పిల్ల మాత్రం నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో చిన్న మొసలిలాగా ఉండి, చూడగానే భయం పుట్టిస్తుంది. దాన్ని చూసి పీడ అనుకుని నలిపేసేవాళ్లను నేను చాలామందిని చూశాను. దయచేసి దాన్ని వదిలేయండి, రోజుకు పదుల కొద్దీ పేనుబంకను తినేది అదే.

ఏప్రిల్‌లో ఒక బల్లిపిల్ల కూడా అట్టకు అంటుకుంది. నీళ్లకు ఆ జిగురు కరగదు. దూదికి వేరుశనగ నూనె అద్ది, కాళ్ల కింద కొద్దికొద్దిగా రాస్తూ పోతే పావుగంటకు విడివడింది. ఆ రోజు నుంచి అట్ట చుట్టూ అర అంగుళం కన్నాల ఇనుప జాలీని గొట్టంలా చుట్టి కడుతున్నాను. దోమ లోపలికి పోతుంది. బల్లి, పిట్ట తగలవు. ఈ జాలీ కట్టకుండా, ముఖ్యంగా తేనెపిట్టలు వచ్చే పూలమొక్కల దగ్గర, ఎవరూ అట్ట పెట్టకూడదని నేను గట్టిగా చెప్తాను.

ఆగస్టు నుంచి నేను వాడే పద్ధతి వేరు. మిద్దె మొత్తానికి రెండే అట్టలు, ఒకటి బెండ దగ్గర, ఒకటి టమాటా దగ్గర, మొక్క చివురుకు బెత్తెడు ఎత్తులో. శుక్రవారం సాయంత్రం కట్టి, ఆదివారం పొద్దున లెక్క చూసి, మైనపు కాగితం మళ్లీ కప్పి లోపల పెట్టేస్తాను. మిగతా అయిదు రోజులు మేలు పురుగులకు ప్రమాదం లేదు. అట్ట కూడా నెల దాటి పనిచేస్తుంది. మొక్క పెరిగే కొద్దీ అట్టను పైకి జరపాలి. బంతి, ధనియాల పూత దగ్గర ఎప్పుడూ కట్టను. కొత్తిమీర నాలుగు మొక్కలు పీకకుండా పూతకు వదిలేస్తే సిర్ఫిడ్ ఈగలు వాటి మీద తిరుగుతుంటాయి, వాటిని మళ్లీ తోటకు రప్పించుకోవడానికి అదే నా ప్రయత్నం. అనప దగ్గర దెబ్బ తిన్నప్పటి నుంచి, లెక్క ఎంత తక్కువగా వచ్చినా ఆదివారం ప్రతి మొక్కకు మూడు ఆకులు తిప్పి అడుగున చూడడం మానను.

మన వాతావరణానికి ఈ అట్టలు ఎంత తట్టుకుంటాయని అడిగితే, సగమే అని చెప్పాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో జిగురు పలచబడి కింది అంచుకు జారింది, కింద ఉన్న వంగ ఆకు మీద రెండు మూడు చుక్కలు పడ్డాయి. వేసవిలో సాయంత్రం పూట దుమ్ముగాలి వీస్తే ఒక్క రోజులో అట్టంతా ఎర్రదుమ్ము పట్టి, దోమ వాలినా అంటుకోకుండా లేచిపోయేది. గాలికి ఊగి పక్క ఆకులకు అతుక్కుని, తీయబోతే ఆకు చిరిగిన సందర్భాలు లెక్కలేనన్ని. పైన మాత్రమే కాకుండా కింద కూడా బెజ్జం పెట్టి, కర్రకు రెండు చోట్ల కట్టాక ఆ బాధ తప్పింది. నవంబరు వానలకు మాత్రం నేను అనుకున్నదానికంటే బాగా నిలబడ్డాయి. మూడు రోజులు విడవకుండా కురిసినా, ఆరాక జిగురు పనిచేసింది.

ఇదే పనిని ఇంట్లో చేసుకోవచ్చు. పాత డబ్బా మూతకు పసుపు రంగు వేసి, ఆముదం రాసి కర్రకు కడితే దోమ పడుతుంది. అక్టోబరులో రెండు మూతలు అలా చేశాను. ఆముదం మూడో రోజుకే పట్టు తగ్గుతుంది, తుడిచి మళ్లీ రాయాలి. కానీ నా పద్ధతిలో వారానికి రెండు రోజులే కడతాను కాబట్టి అది ఇబ్బంది కాలేదు. పైసా ఖర్చు లేదు, ప్లాస్టిక్ చెత్త లేదు. లెక్క కూడా కొన్న అట్టకు దగ్గరగానే వచ్చింది. కాకర, బీర తీగలకు పండు ఈగ బెడద ఉన్నవాళ్లు మాత్రం ఈ అట్టల మీద ఆశ పెట్టుకోవద్దు. దానికి క్యూలూర్ అనే వాసన బిళ్ల ఉన్న ఎర బుట్ట వేరే దొరుకుతుంది. అదీ మగ ఈగలనే పట్టేది, కాబట్టి పుచ్చిన పిందెలను ఏరి పారేయడం తప్పదు.

కట్ట మీద తెలుగులో ఒక్క ముక్క కూడా లేదు. తయారుచేసిన తేదీ ఎక్కడా కనబడలేదు. 25లో నాలుగు అట్టలకు అంచుల వెంట జిగురు పూతే లేదు. దుకాణంలో ఆ మాట చెప్తే, తెరిచిన కట్టను వెనక్కి తీసుకోము అన్నారు. అట్ట ఒక్కటికి 12 రూపాయలు పెద్ద ధర కాకపోవచ్చు. కానీ కుండీకొకటి కట్టమనే సలహా వింటే ఆ ఖర్చు మూడు నెలలకే వేపనూనె సీసా ధర దాటుతుంది, మేలు పురుగులు పోవడం అదనం.

నాలుగైదు కుండీలు ఉన్నవాళ్లు ఈ కట్ట కొనవద్దు, ఆముదం రాసిన మూత చాలు. వరండాలోనో ఇంట్లోనో కుండీలు పెట్టుకుని, తడి కొబ్బరిపొట్టులోంచి లేచే చిన్న నల్ల దోమలతో విసిగినవాళ్లు నిస్సంకోచంగా కొనవచ్చు. అక్కడ అక్షింతల పురుగుకు గానీ తేనెటీగకు గానీ ముప్పు లేదు. మిద్దె నిండా కూరగాయలు ఉన్నవాళ్లు నలుగురు కలిసి ఒక కట్ట కొని పంచుకుంటే మంచిది. మిగిలిన మూడు అట్టలను నేను ఈ మార్చిలో బెండ నాటేదాకా దాస్తున్నాను. అవి అయిపోయాక మళ్లీ కొంటే, విడిగా అయిదు అట్టలు ఇచ్చే దుకాణంలో, తేదీ చూసి కొంటాను.